మోగుతున్నా ముల్లు కదలని అక్యూట్రాన్: ఇచ్ఛాపురం పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మా మామగారు ఓడల్లో ఇంజను విభాగంలో పనిచేసేవారు. ఆయన సింగపూర్‌లో కొనుక్కున్న బులోవా అక్యూట్రాన్ చేతి గడియారం ఇప్పుడు నా దగ్గర ఉంది. దీనికి పక్కన కీ లేదు. వెనక మూతలో మడిచి పెట్టే చిన్న పిడి, దాని దగ్గరే సెల్లు వేసే గుండ్రని మూత ఉన్నాయి. వెనక ఎం8 అని చెక్కి ఉంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా బీరువా కింది అరలు తడిశాయి. వాచీ పై అరలోనే ఉన్నా, ఆ తరువాత చాలాకాలం దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. ఈ మధ్య కొత్త సెల్లు వేయిస్తే చెవి దగ్గర సన్నని మోత వినిపిస్తోంది గాని, సెకన్ల ముల్లు కాసేపు నడిచి ఆగిపోతోంది. ఒక రోజు నడిచినంతసేపూ గంటకు పావుగంట చొప్పున ముందుకు పోయింది. బరంపురంలో ఒక దుకాణంలో చూపిస్తే లోపలి మిషను తీసేసి క్వార్ట్జ్ మిషను పెడతామన్నారు. మా అబ్బాయి తానే విప్పి పెట్రోలుతో కడుగుతానంటున్నాడు. ఏది మంచిదో చెప్పగలరు.
– ఇచ్ఛాపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ రెండింటిలో ఏదీ చేయవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట, చెవి దగ్గర మోత వినిపిస్తోందన్నది. ఈ రకం గడియారంలో ఒకసారి పాడైతే తిరిగి దొరకడం చాలా కష్టమైనవి లోపలి తీగచుట్టలు. మోత వినిపిస్తున్నదంటే ఆ తీగచుట్టలు, వాటితో ఉన్న ట్రాన్సిస్టరు, శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) అన్నీ పనిచేస్తున్నాయని అర్థం. మిగిలిన లోపం చక్రాల వైపున ఉన్నది, దానిని ఓపికగల పనివాడు సరిచేయగలడు. క్వార్ట్జ్ మిషను పెడితే బాగున్న భాగాన్నే తీసి పారేసినట్లవుతుంది. పెట్రోలులో ముంచి కడిగితే ఇప్పటిదాకా నిలిచిన తీగచుట్టలు ఆ ఒక్క పూటలో పోయే ప్రమాదం ఉంది.

మీ అబ్బాయికి ఈ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంత వివరంగా చెప్పాలి. ఆసక్తి ఉన్న కుర్రవాడికి వద్దని మాత్రమే చెబితే సరిపోదు, కారణం కూడా చెప్పాలని నా నమ్మకం. మాక్స్ హెట్జెల్ అనే స్విస్ ఇంజనీరు బులోవా సంస్థలో పనిచేస్తూ 1950లలో ఈ పద్ధతిని రూపొందించారు. 1960 అక్టోబరులో అక్యూట్రాన్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. అంతవరకు చేతి గడియారాల్లో అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు చక్రం కాలాన్ని కొలిచేది. హెట్జెల్ దాని స్థానంలో, పాఠశాల భౌతికశాస్త్రంలో మనం చూసే శ్రుతిదండాన్ని చేతి గడియారంలో ఇమిడే పరిమాణానికి తగ్గించి పెట్టారు. మీ గడియారంలోని దండం సెకనుకు 360 సార్లు కంపిస్తుంది, మీకు వినిపించే మోత అదే. దండం రెండు కొసలకూ చిన్న గిన్నెల వంటి భాగాలు, ఒక్కో గిన్నె నడుమ శాశ్వత అయస్కాంతం ఉంటాయి. కదలకుండా బిగించిన తీగచుట్టలు ఆ గిన్నెల లోపలికి చొచ్చుకొని ఉంటాయి. తీగచుట్టలో ఒక భాగం దండం కదలికను పసిగట్టి ట్రాన్సిస్టరుకు అందిస్తుంది, ట్రాన్సిస్టరు సరిగ్గా ఆ క్షణంలో సెల్లు నుంచి చిన్న విద్యుత్తు దెబ్బను పంపి దండాన్ని కంపనంలో ఉంచుతుంది. ట్రాన్సిస్టరు ఒక్కటే, దానితో పాటు ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. విద్యుత్తు భాగమంతా ఇంతే.

అయితే ఆ తీగచుట్టల్లో వాడిన రాగి తీగ మందం సుమారు 0.015 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకలో దాదాపు ఐదో వంతు. ఒక్కో తీగచుట్టలో అలాంటి తీగ దాదాపు 8,000 చుట్లు ఉంటుంది. స్క్రూడ్రైవరు మొన ఒక్కసారి జారి తగిలినా, కడిగే ద్రవం తీగల మీది పూతను కరిగించినా, పాత సెల్లు నుంచి కారిన క్షారం ఒక్క చోట తినేసినా తీగచుట్ట మొత్తం పనికిరాకుండా పోతుంది. తెగిన చోటును వెతికి అతకడం మామూలు దుకాణంలో జరిగే పని కాదు. ఈ మిషన్ల ఉత్పత్తి 1970ల చివరినాటికి ఆగిపోయింది గనుక, పోయిన తీగచుట్టకు బదులు మరో పాత గడియారం నుంచి తీసినదే వెతుక్కోవాలి.

ఇక మీ గడియారపు అసలు లోపం దగ్గరికి వద్దాం. శ్రుతిదండపు కంపనాన్ని ముళ్ల తిరుగుడుగా మార్చేది ఇండెక్స్ చక్రం అనే అతి చిన్న చక్రం. దాని వ్యాసం సుమారు 2.4 మిల్లీమీటర్లు, చుట్టూ 300 పళ్లు. లెక్క వేస్తే ఒక పన్నుకూ మరో పన్నుకూ మధ్య దూరం మిల్లీమీటరులో నలభయ్యో వంతు మాత్రమే. దండం ఒక కొమ్మకు అతికించిన సన్నని స్ప్రింగు చివర ఒక చిన్న రాయి ఉంటుంది. దండం కంపించిన ప్రతిసారీ ఆ రాయి చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెడుతుంది. కదలకుండా బిగించిన మరో స్ప్రింగు చివరి రాయి, చక్రం వెనక్కి రాకుండా పట్టి ఉంచుతుంది. ఈ లెక్కన ఆ చక్రం రోజుకు 3 కోట్ల 11 లక్షలకు పైగా పళ్లు కదలాలి. ఇంత సున్నితమైన చోట చక్రాల ఇరుసుల్లో ఎండిపోయిన నూనె జిగట ఉన్నా, రాయికీ పన్నుకూ మధ్య దూది పోగు ఇరుక్కున్నా, తేమ వల్ల స్ప్రింగు మీద తుప్పు చుక్క ఏర్పడినా దండం మోగుతూనే ఉంటుంది గాని చక్రం ఆగిపోతుంది. మీ బీరువా తడిసిన సంగతి, తరువాత చాలాకాలం గడియారం కదలకుండా ఉన్న సంగతి కలిపి చూస్తే, ముల్లు ఆగిపోవడానికి ఎండిన నూనె మొదటి కారణమనీ, తుప్పు రెండవదనీ నాకు తోస్తున్నది.

గంటకు పావుగంట ముందుకు పోవడం మాత్రం వేరే కథ, చాలామంది పనివారు పొరపాటుగా అర్థం చేసుకునేది దీనినే. దీనికి దండం వేగంతో సంబంధం లేదు. ఉక్కుతోగాని నికెల్ మిశ్రలోహంతోగాని చేసిన ఏ శ్రుతిదండమూ తన శ్రుతిని అంత మార్చుకోదు. ఈ గడియారాలు తయారైన కాలంలో పాదరసపు సెల్లులు వాడేవారు, వాటి వోల్టేజీ 1.35. ఇప్పుడు దొరికే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు 1.55 వోల్టులు ఇస్తుంది. శ్రుతిదండం ఎంత దూరం ఊగాలన్నది చాలావరకు సెల్లు వోల్టేజీని బట్టే ఉంటుంది గనుక, కొత్త సెల్లు వేసినప్పుడు ఊపు సుమారు ఏడో వంతు పెరుగుతుంది. రాళ్ల అమరిక సరిగ్గా ఉన్న గడియారం ఈ అదనపు ఊపును తట్టుకొని ఒక్కో కంపనానికి ఒక్కో పన్నే నెడుతుంది. అమరిక కొద్దిగా తప్పి ఉంటే రాయి అప్పుడప్పుడు ఒకటికి మించి పళ్లను నెట్టేస్తుంది. మీ గడియారంలో జరుగుతున్నది ఇదే. రేటును, అంటే గడియారం నడక వేగాన్ని, సరిచేసే అమరికను తిప్పి దీనిని బాగుచేయాలని చూస్తే ఫలితం ఉండదు సరికదా, బాగున్న రేటు కూడా చెడుతుంది. ఆ అమరిక దండం కొసల దగ్గర ఉండే చిన్న బరువులు, వాటిని ఒక గీత జరిపితే రోజుకు రెండు సెకన్ల తేడా మాత్రమే వస్తుంది. గంటకు పావుగంట తప్పును దానితో దిద్దగలమని అనుకునే పనివాడి చేతిలో గడియారం పెట్టకండి.

పక్కన కీ లేకపోవడం, వెనక పిడి ఉండడం చూస్తే మీది బులోవా 214 అనే రకం మిషను. వెనక ఎం8 అన్నది ఆ సంస్థ వాడిన సంవత్సరపు గుర్తు, ఎం అంటే 1960ల దశకం, కాబట్టి అది 1968లో తయారైంది. సమయం సరిచేయాలంటే వెనక పిడిని పైకి లేపి తిప్పాలి, తరువాత మళ్లీ మడిచి లోపలికి నొక్కాలి. ఆ పిడిని లాగి ఊడదీయడానికి ప్రయత్నించి విరగ్గొట్టిన గడియారాలను నేను చూశాను.

మీ దగ్గర ఉన్న సెల్లును ముందు పరిశీలించండి. 214కు తగినది 387ఎస్ రకం. అది నిజానికి 394 సెల్లుకే చుట్టూ ప్లాస్టిక్ ఉంగరం తొడిగి పాత పెద్ద సెల్లు పరిమాణానికి తెచ్చినది. చాలా దుకాణాల్లో ఆ ఉంగరం లేకుండా 394 ఒక్కటే వేసి పంపుతారు. అది సెల్లు గదిలో అటూ ఇటూ జరిగి కరెంటు తెగుతూ వస్తూ ఉంటుంది, కాసేపు నడిచి ఆగడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. సెల్లు గది మూతను నాణెంతో తిప్పి తీయాలి. గడియారాన్ని తిరగేసి మెల్లగా తడితే సెల్లు అరచేతిలో పడుతుంది. అది రాకపోతే స్క్రూడ్రైవరుతో పెళ్లగించవద్దు. సెల్లు గదికి ఆనుకొనే తీగచుట్ట ఉంటుంది, అలా పెళ్లగిస్తే అది తెగే ప్రమాదం ఉంది. లోహపు పట్టకారు సెల్లు రెండు ముఖాలనూ తాకకుండా చూసుకోవాలి. గది అడుగున ఆకుపచ్చ, తెలుపు పొక్కులు కనబడితే అక్కడితో ఆగి, పనివాడికి అప్పగించండి. ఇంట్లో మీరు చేయవలసింది, చేయదగినది ఇంతవరకే.

ఇక పనివాడికి చెప్పవలసిన సంగతులు. గడియారం అప్పగించేటప్పుడు ఈ పత్రిక పుటను కూడా చూపించవచ్చు, మంచి పనివాడు దానిని తప్పుగా అనుకోడు. మిషను విప్పాక తీగచుట్టలనూ శ్రుతిదండాన్నీ ఏ ద్రవంలోనూ ముంచకూడదు, అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయకూడదు. దండం అయస్కాంతాలకు ఇనుప రజను అంటుకొని ఉంటుంది. దానిని వాచీ పనివారు వాడే మెత్తని అంటుముద్దతో మెల్లగా అద్ది తీయాలి. గిన్నెకూ తీగచుట్టకూ మధ్య ఖాళీ చాలా తక్కువ గనుక అక్కడ ఒక్క రజను రేణువు మిగిలినా దండం ఊపు తగ్గుతుంది, సెల్లు ఎక్కువ కరెంటు ఖర్చు చేస్తుంది. చక్రాలు, వాటిని పట్టి ఉంచే వంతెనలు, పలకలు మాత్రం మామూలు వాచీల మాదిరిగానే శుభ్రం చేయవచ్చు, కాని ఇండెక్స్ చక్రాన్ని వేరుగా కడగాలి. దాని పళ్లను పట్టకారుతోగాని పుల్లతోగాని బ్రష్షుతోగాని తాకకూడదు. ఇరుసు దగ్గరే పట్టుకోవాలి. కంటికి పెట్టుకునే మామూలు అద్దంతో ఆ పళ్ల స్థితి తెలియదు, సూక్ష్మదర్శిని కావాలి. రాళ్లు పళ్ల మీద ఆని ఉండగా చక్రాన్ని వెనక్కి తిప్పితే పళ్లు విరుగుతాయి, అందువల్ల మిషను విప్పేముందు రెండు రాళ్లనూ చక్రం నుంచి దూరంగా జరపాలి.

నూనె విషయంలో మన పనివారికి ఉదారత్వం ఎక్కువ. హెచ్‌ఎంటీ వంటి కీ వాచీల్లో కొంచెం ఎక్కువైన నూనెను స్ప్రింగు బలం తట్టుకుంటుంది. ఇక్కడ చక్రాలను నడిపేది మిల్లీమీటరులో అతి చిన్న భాగం కదిలే రాయి. కాబట్టి ఇరుసులకు పలుచని సింథటిక్ వాచీ నూనె కంటికి కనబడీ కనబడనంత అంటించాలి. ఇండెక్స్ చక్రం పళ్లకు, రెండు రాళ్లకు, వాటి స్ప్రింగులకు నూనె చుక్క కూడా తగలకూడదు. తగిలితే పళ్ల మధ్య దుమ్ము చేరి కొన్ని నెలల్లో మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది.

చివరి పని రాళ్ల అమరిక, అసలు నైపుణ్యం కూడా దీనిలోనే ఉన్నది. నెట్టే రాయి ఒక పన్ను వాలులో ఉన్నప్పుడు, పట్టి ఉంచే రాయి సరిగ్గా అర పన్ను తేడాతో ఆనాలి. రెండు స్ప్రింగులూ చక్రాన్ని తాకీ తాకనట్లు నొక్కాలి. పట్టి ఉంచే రాయి బిగించిన చోటును సూక్ష్మదర్శిని కింద కొద్దికొద్దిగా జరుపుతూ ఈ అమరిక తేవాలి. దీనికి వోల్టేజీ మార్చగల చిన్న విద్యుత్ సరఫరా పరికరం, మైక్రో ఆంపియర్లు కొలిచే మీటరు ఉండాలి. ఆ పరికరంతో వోల్టేజీని మామూలు స్థాయి కంటే తగ్గించి చూసినప్పుడు చక్రం నడవాలి, తరువాత 1.55కు పెంచినప్పుడు కూడా ఒక్కో కంపనానికి ఒక్కో పన్నే కదలాలి. అప్పుడే పని పూర్తయినట్లు. ఆరోగ్యంగా ఉన్న 214 మిషను సుమారు 5 నుంచి 8 మైక్రో ఆంపియర్ల కరెంటు మాత్రమే తీసుకుంటుంది. రాళ్లను చక్రానికి దూరంగా ఉంచినప్పుడు తక్కువగా ఉండి, ఆనించగానే బాగా పెరిగితే చక్రాల్లో ఇంకా రాపిడి ఉన్నదని అర్థం. దూరంగా ఉంచినా ఎక్కువగానే ఉంటే దండం దగ్గర రజను ఉన్నదనో, విద్యుత్తు భాగంలో లోపమనో అనుమానించాలి. చక్రం పళ్లు అరిగిపోయి 1.55 దగ్గర ఎంతకూ నిలవకపోతే, సెల్లుకు వరుసలో చిన్న డయోడు పెట్టి వోల్టేజీని కొంత తగ్గించే పద్ధతి ఉంది. అది ఆఖరి ఉపాయంగా మాత్రమే ఉండాలి. శుభ్రం చేయకుండానే డయోడు పెట్టి ఇచ్చేవారి దగ్గర మీ పని కాలేదని తెలుసుకోండి.

ఇలాంటి పనివారు మన సరిహద్దు పట్టణాల్లో అరుదు. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, బరంపురం దుకాణాల్లో కీ వాచీలు బాగుచేసే నేర్పరులు ఇప్పటికీ ఉన్నారు గాని, ఈ మిషను వారి చేతికి రోజూ వచ్చేది కాదు. దానికి వారిని తప్పుపట్టలేము. అందువల్ల ఎక్కడికి వెళ్లినా మూడు ప్రశ్నలు అడగండి. రెండు కళ్లతో చూసే సూక్ష్మదర్శిని ఉందా? కరెంటు ఎంత తీసుకుంటున్నదో కొలిచి రాసి ఇస్తారా? రాళ్ల అమరిక ఎలా సరిచేస్తారు? మూడింటికీ తడుముకోకుండా సమాధానం చెప్పినవారికి ఇవ్వండి. విశాఖపట్నం, కోల్‌కతా, ముంబై వంటి చోట్ల పాత ఎలక్ట్రానిక్ గడియారాలు బాగుచేసేవారి కోసం వాకబు చేయడం మంచిది. పార్సిలులో పంపవలసి వస్తే సెల్లు తీసి విడిగా కట్టండి, మిషను ఏ రకమో, వెనక గుర్తు ఏమిటో రాసి ఫోటోలు తీసి ఉంచుకోండి. మార్చిన ప్రతి పాత భాగమూ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. పాత తీగచుట్ట బాగానే ఉన్నదని తరువాత తేలవచ్చు.

మీ ఊరి గాలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. సముద్రం దగ్గర ఉండే ఇళ్లలో ఉప్పుతో కూడిన తేమ, వానాకాలంలోనే కాక ఏడాది పొడుగునా ఉక్కు భాగాలను తింటుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి నా దగ్గరికి వచ్చే వాచీల మూత అంచుల్లో తుప్పు తరచుగా కనిపిస్తుంది. శుభ్రం చేయించేటప్పుడు వెనక మూత రబ్బరు ఉంగరాన్నీ, సెల్లు గది మూత ఉంగరాన్నీ తప్పక మార్పించండి. గడియారం వాడనప్పుడు సెల్లు తీసివేసి, బిగుతైన మూతగల గాజు సీసాలో సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచండి. జెల్ రంగు మారితే పొట్లం మార్చండి. సెల్లు ఒకటి సుమారు ఏడాది పనిచేస్తుంది. ఏడాది దాటాక గడియారం ఆగకున్నా సెల్లు మార్చడం మేలు, లోపల ఉండిపోయిన సెల్లు కారితే నష్టం సెల్లు ధరతో పోయేది కాదు. స్పీకర్ల దగ్గర, సెల్‌ఫోను వెనక అయస్కాంతపు కవర్ల దగ్గర పెట్టకండి. చేతికి పెట్టుకొని స్నానం గాని సముద్రపు ఒడ్డున ఈత గాని వద్దు, 1968 నాటి మూత మీద ఇప్పుడు నీటి విషయంలో ఏ భరోసా పెట్టుకోలేము.

బాగైన తరువాత ఇది ఎంత సరిగ్గా నడుస్తుందన్నది మీరు అడగలేదు గాని, తెలుసుకోవడం అవసరం. బులోవా ఆ రోజుల్లో నెలకు ఒక నిమిషానికి మించి తేడా రాదని హామీ ఇచ్చేది. కీ వాచీల కాలంలో అది పెద్ద మాటే. ఇప్పటి చవక క్వార్ట్జ్ వాచీతో పోలిస్తే తక్కువే. పైగా దండం కొసలు పైకి ఉన్నప్పుడూ కిందికి ఉన్నప్పుడూ గురుత్వాకర్షణ వల్ల రేటు రోజుకు కొన్ని సెకన్లు మారుతుంది. హెట్జెల్ ఆ తరువాత వేరే సంస్థకు వెళ్లి రూపొందించిన 300 కంపనాల మిషనులో ఈ తేడాను చాలావరకు తగ్గించారు, మీ 214లో మాత్రం అది ఉంటుంది. రాత్రిపూట గడియారాన్ని వేరువేరు భంగిమల్లో పెట్టి వారం రోజులు గమనించి, ఏ భంగిమలో పగటి తేడా సరిపోతున్నదో చూసుకుంటే మీ చేతి అలవాటుకు తగిన రేటు దొరుకుతుంది. పనివాడు రేటు సరిచేసేటప్పుడు కూడా ఆ వారం లెక్క అతనికి చాలా ఉపయోగపడుతుంది.

మీ అబ్బాయికి పని నేర్చుకోవాలని నిజంగా ఉంటే, చెడిపోయిన కీ వాచీలు రెండు మూడు కొని వాటి మీద చెయ్యి తిప్పమనండి. చక్రాలు, ఇరుసులు, వంతెనలు పట్టుకోవడం అలవాటైన తరువాత, తీగచుట్ట పోయిన పాత 214 ఒకటి ఎక్కడైనా దొరికితే దాని మీద ఇండెక్స్ చక్రం తీయడం, పెట్టడం నేర్చుకోవచ్చు. తాతగారి గడియారం అప్పటిదాకా సీసాలో ఉండనివ్వండి. ఈలోగా వాచీని బరంపురం దుకాణంలో ఇచ్చి ఉంటే వెంటనే తెచ్చుకోండి. ఒకవేళ క్వార్ట్జ్ మిషను అప్పటికే పెట్టేసి ఉంటే, తీసిన పాత మిషనును, దాని ముళ్లను, వెనక పిడిని, చిన్న స్క్రూలతో సహా అడిగి తెచ్చుకోండి. డయలును మిషనుకు బిగించే వెనక కాళ్లు కోయకుండా ఉంటే ఆ మిషనును మళ్లీ అదే కేసులో పెట్టించవచ్చు.